పొట్టిగా, సన్నగా ఉన్నవారికి షాట్‌గన్ స్టాక్ అమర్చుకోవడం: రంపం పట్టేలోపు చేయాల్సిన పనులు

"మా అమ్మాయికి గన్ పొడవైపోతోంది, స్టాక్ ఎంత కోయించాలి?" రేంజ్‌లో తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. స్టాక్ అంటే గొట్టం వెనక ఉండే, భుజానికి ఆనించే కర్ర. ఎంత కోయాలన్నది ఆఖర్న తేలాల్సిన లెక్క. అంతకుముందు చూసుకోవాల్సినవి నాలుగైదు ఉన్నాయి. వాటిని దాటేసి ముందే కోయిస్తే, పొడవు సరిపోయినా కన్ను రిబ్ (గొట్టం పైన ఉండే పట్టీ) మీదికి రాదు, చెంప వాస్తుంది, గురి ఎటో పోతుంది. కోసిన కర్ర మళ్లీ పెరగదు కూడా.

ఇక్కడ రాసినది ట్రాప్, స్కీట్, స్పోర్టింగ్ (ఎగిరే మట్టి పళ్లేలను కాల్చే ఆటలు) ఆడేవాళ్ల కోసం, ముఖ్యంగా ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలుండే ఓవర్-అండర్ గన్ వాడేవాళ్ల కోసం. కుడిచేతివాటం అనుకుని రాశాను, ఎడమచేతివాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే గన్‌లలో ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి ఆనే స్టాక్ వెనక కొస) మధ్య దాకా పొడవు సాధారణంగా 14¼ నుంచి 14¾ అంగుళాలు (362 నుంచి 375 మి.మీ.) ఉంటుంది. పొడుగాటి మగవాడికి అది సరిపోతుంది. అయిదడుగుల మనిషికి 13 అంగుళాల చుట్టుపక్కల మొదలుపెట్టి చూడొచ్చు. ఈ అంకె మొదలుపెట్టడానికే. దీన్ని పట్టుకుని గన్‌స్మిత్ దగ్గరికి పోకండి.

1. ముందు జాగ్రత్తలు, కాస్త చట్టం

కొలతలన్నీ ఖాళీ గన్‌తోనే తీయాలి. తెరిచి చూడండి, పక్కవాళ్లకు చూపించండి, మళ్లీ మీరే చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ట్రిగ్గర్ నొక్కి చూడాల్సి వస్తే స్నాప్ క్యాప్‌లు (మందు లేని డమ్మీ తూటాలు) వేయండి.

షూటర్ కన్ను ఎక్కడుందో చూడటానికి గొట్టం ఎదురుగా నిలబడే అలవాటు చాలామందికి ఉంది. గన్ ఖాళీదైనా అది వద్దు. అద్దం పెట్టుకోండి, లేదా ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి వీడియో తీయండి.

మన దేశంలో ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 6 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ గొట్టం పొట్టి చేయడం నేరం. ఇక్కడ మనం ముట్టుకునేది స్టాక్‌నే. "ముందువైపు బరువు తగ్గాలి, గొట్టం కూడా కాస్త కోయించేద్దాం" అనే సలహా ఎవరిచ్చినా వినకండి. మరమ్మతు పనికి కూడా లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కే గన్ ఇవ్వండి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- మి.మీ. గుర్తులున్న టేపు, పొడవాటి స్కేలు
- ఇన్సులేషన్ టేపు, పెయింటర్లు వాడే కాగితం టేపు
- అట్టముక్కలు, పల్చటి ఫోమ్
- స్క్రూల కింద వేసే సన్నటి వాషర్లు
- తొడుగులా ఎక్కించే రీకాయిల్ ప్యాడ్ (తన్ను తగ్గించడానికి బట్ మీద వేసే మెత్త), దొరికితే స్పేసర్లు (పొడవు పెంచడానికి ప్యాడ్ వెనక వేసే పలకలు)
- నిలువుటద్దం, ఫోన్ స్టాండ్
- నోట్‌బుక్
- షూటర్ నిజంగా మ్యాచ్‌లో వేసుకునే వెస్ట్, కళ్లద్దాలు, టోపీ

చివరి మాట ముఖ్యం. ఇంట్లో టీషర్ట్‌తో తీసిన కొలత, వెస్ట్ వేసుకోగానే తప్పిపోతుంది.

3. గన్ కంటే ముందు మనిషిని చూడండి

తప్పుగా నిలబడే అలవాటుకి స్టాక్ కొలిస్తే, ఆ తప్పు కర్రలో స్థిరపడిపోతుంది. గన్ బరువు ముందుకి లాగేస్తోందని పిల్లలు నడుము నుంచి వెనక్కి వాలుతారు. ముందు దాన్ని సరిచేయాలి: ముందు కాలి మీద కాస్త ఎక్కువ బరువు, మోకాళ్లు బిగించకుండా, ముక్కు ముందు కాలి వేళ్ల మీదికి వచ్చేలా. అలా నిలబడి పది నిమిషాలు కూడా మౌంట్ (గన్ ఎత్తి భుజానికి, చెంపకి ఆనించడం) చేయలేకపోతే సమస్య స్టాక్‌ది కాదు. గన్ బరువు, లేకపోతే భుజాల బలం చూసుకోవాలి.

తర్వాత ఏ కన్ను పనిచేస్తోందో తేల్చుకోండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, దూరంగా ఉన్న గడియారాన్నో స్విచ్‌నో ఆ సందులోంచి రెండు కళ్లతో చూడమనండి. ఒక్కో కన్ను మూస్తే, ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే ఉంటుందో అది బలమైన కన్ను. కుడిచేత్తో కాల్చేవాళ్లకి ఎడమ కన్ను బలంగా ఉంటే ఏ స్టాక్ మార్పూ దాన్ని సరిచేయదు. ఎడమ భుజానికి మారడమో, ఎడమ అద్దం మీద చిన్న టేపు చుక్క అంటించడమో కోచ్‌తో మాట్లాడి ముందే తేల్చుకోవాలి.

కళ్లద్దాలు పెట్టుకునే పిల్లల విషయంలో ఇంకోటి. తల స్టాక్ మీదికి వంచితే వాళ్లు అద్దం పై మూలలోంచి చూస్తారు. మామూలు ఫ్రేమ్ అంచు అడ్డొచ్చి, దాన్ని తప్పించుకోవడానికి తల పైకెత్తుతారు. "కోంబ్ (స్టాక్‌లో చెంప ఆనే పై అంచు) ఎత్తు తక్కువైంది" అని అందరూ అనుకునేది కొన్నిసార్లు ఈ ఫ్రేమ్ గొడవే. ముక్కు మీద పైకి కూర్చునే షూటింగ్ ఫ్రేమ్ వేయించి అప్పుడు కొలవండి.

4. ఇప్పుడున్న కొలతలు రాసుకోండి

పొడవు: ట్రిగ్గర్ మధ్య నుంచి బట్ మధ్య దాకా. రెండు ట్రిగ్గర్ల పాతకాలపు డబుల్ బ్యారెల్ అయితే ముందు ట్రిగ్గర్ నుంచి. హీల్ దాకా (బట్ పై మూల), టో దాకా (బట్ కింది మూల) కూడా విడిగా కొలవండి.

డ్రాప్: గన్‌ని తలకిందులు చేసి రిబ్ చదునైన బల్ల మీద ఆనేలా పెట్టండి. ముందు బీడ్ (గొట్టం కొన మీది చిన్న పూస) బల్ల అంచు దాటి బయటికి ఉండాలి, లేకపోతే కొలత తప్పుతుంది. బల్ల నుంచి కోంబ్ ముందు కొనకి, తర్వాత హీల్‌కి ఎంత దూరమో చూడండి. ముందు 38 మి.మీ., హీల్ దగ్గర 60 మి.మీ. అని వస్తే, చెంప ఆనే చోటు వెనక్కి పోయే కొద్దీ కిందికి వాలుతోందని అర్థం. ఈ వాలు గుర్తుపెట్టుకోండి, ఆరో మెట్టులో దీని పని ఉంది.

పిచ్: బట్ నేల మీద పూర్తిగా ఆనేలా గన్‌ని గోడ పక్కన నిలబెట్టండి. గొట్టం మొదలయ్యే చోట రిబ్ గోడకి తగలాలి. గొట్టం కొన గోడకి ఎంత దూరంలో ఉందో అదే పిచ్.

కాస్ట్: బట్ వైపు నుంచి రిబ్ వెంబడి చూస్తే స్టాక్ కుడికి వంగి ఉందా, ఎడమకా, నిటారుగా ఉందా.

5. చెయ్యి, ట్రిగ్గర్: అసలు మొదలు ఇక్కడే

పొడవును కొలిచేది ట్రిగ్గర్ నుంచి కాబట్టి ట్రిగ్గర్ ఎక్కడుండాలో ముందు తేలాలి. చాలామంది ఈ మెట్టు ఎక్కరు.

గ్రిప్ పట్టుకున్నప్పుడు చూపుడు వేలి మొదటి గణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి. చిన్న చేతులకి వేలి కొస మాత్రమే అందుతుంది. అందడం కోసం చెయ్యి ముందుకి తిప్పుతారు, మణికట్టు మెలిపడుతుంది, మోచెయ్యి కిందికి జారుతుంది, బట్ భుజం గుంటలోంచి చేతి మీదికి జరుగుతుంది. తర్వాత చెయ్యి మీద నల్లటి మచ్చ కనిపిస్తే "గన్ తన్నింది" అంటాం.

- ట్రిగ్గర్ ముందుకీ వెనక్కీ జరిగే గన్ అయితే ముందు దాన్ని వెనక్కి తెచ్చి చూడండి.
- జరగకపోతే గ్రిప్ లావు తగ్గించమని గన్‌స్మిత్‌ని అడగండి. గ్రిప్ వంపు ముందు భాగంలో కొద్దిగా చెక్క తీసినా చెయ్యి ముందుకు వస్తుంది.
- మధ్య వేలి మీద ట్రిగ్గర్ గార్డ్ కొడుతుంటే చెయ్యి మరీ ముందుకి ఉంది, లేదా గ్రిప్ జారుతోంది.

6. పొడవు: ఇప్పుడే కోయకుండా చూసుకోవడం

మోచేతి మడతలో బట్ ఆనించి వేలు ట్రిగ్గర్‌కి అందుతుందో లేదో చూసే పద్ధతి మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. అది ముంజేతి పొడవును మాత్రమే చెబుతుంది. మెడ, ఛాతీ, నిలబడే తీరు ఏవీ దానిలో లేవు. దాన్ని వదిలేయండి.

సరైన పద్ధతి: కళ్లు మూసుకుని మౌంట్ చేయమనండి. చెంప స్టాక్ మీద సహజంగా ఆగాక కళ్లు తెరవాలి. అప్పుడు బొటనవేలికీ ముక్కుకీ మధ్య షూటర్ సొంత వేళ్లు రెండు నుంచి మూడు పట్టాలి.

పొడవు ఎక్కువైతే:
- మౌంట్ చేసేటప్పుడు బట్ చంకలో, వెస్ట్ మడతలో తగులుతుంది
- ముందు చెయ్యి చాచి బిగుసుకుపోతుంది
- మెడ ముందుకి సాగుతుంది, నడుము వెనక్కి వాలుతుంది

తక్కువైతే:
- కాల్చినప్పుడు బొటనవేలు ముక్కుకి కొడుతుంది
- తల ముందుకి పాకుతూ ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది

పొడవైన స్టాక్‌ని కోయకుండా పొట్టిగా చూడటం ఎలా? రీకాయిల్ ప్యాడ్ విప్పేస్తే కొంత తగ్గుతుంది. అలా విప్పిన గన్‌తో ఖాళీ మౌంట్‌లే చేయాలి, కాల్చకూడదు. ఇంకా మంచి దారి, క్లబ్‌లో ఎవరి దగ్గరైనా పొట్టి స్టాక్ గన్ ఉంటే వాళ్ల సమక్షంలో రేంజ్‌లోనే తీసుకుని, దానికి స్పేసర్లు, తొడుగు ప్యాడ్‌లు కలుపుతూ సరైన పొడవు వెతకడం. పొట్టిదాన్ని పొడవు చేసి చూడటం నిమిషాల పని.

స్కీట్ ఆడేవాళ్లకి ఇంకో మాట. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) స్కీట్‌లో గన్ నడుము దగ్గర నుంచి పైకి తేవాలి కాబట్టి స్టాక్ అడ్డు తగలకుండా కొన్ని మి.మీ. పొట్టిగా ఉంటే మేలు. ట్రాప్‌లో ముందే భుజానికి పెట్టుకుని పళ్లెం కోసం పిలవొచ్చు, కాస్త పొడవున్నా నడుస్తుంది. రెండూ ఆడే పిల్లలకి స్కీట్ కొలతే పెట్టండి.

ఇక ఆ వాలు సంగతి. పొడవు తగ్గిస్తే ముఖం స్టాక్ మీద ముందుకి వస్తుంది. అక్కడ కోంబ్ ఎత్తుగా ఉంటుంది. అంటే కన్ను పైకి లేస్తుంది, గుండ్లు పైకి పోతాయి. పొడవు మారిన ప్రతిసారీ కోంబ్ మళ్లీ చూడాలన్నది ఇందుకే.

7. పిచ్, టో: ఆడపిల్లలకి ఇదే అసలు బాధ

మగవాళ్ల కొలతలకి చేసిన బట్‌లో టో ఛాతీకి గుచ్చుకుంటుంది. నొప్పిని తప్పించుకోవడానికి అమ్మాయిలు బట్‌ని భుజం అంచు మీదికి, చేతి కీలు మీదికి జరుపుతారు. అడిగితే చాలామంది చెప్పరు, మగ కోచ్ అయితే అసలే చెప్పరు. మీరే అడిగి తెలుసుకోండి.

పరీక్ష తేలిక. మౌంట్ చేయించి, పక్క నుంచి చూడండి. బట్ పై నుంచి కింది దాకా ఒకేలా ఆనాలి. టో ఒక్కటే నొక్కుతుంటే పిచ్ చాలట్లేదు. ప్యాడ్ స్క్రూలు వదులు చేసి హీల్ వైపు ఒకటో రెండో వాషర్లు వేయండి. హీల్ పొడవై టో వెనక్కి తగ్గుతుంది, పిచ్ పెరుగుతుంది.

అతి చేయకండి. పిచ్ మరీ తక్కువైతే బట్ చంకలోకి కిందికి జారుతుంది. మరీ ఎక్కువైతే కాల్చినప్పుడు పైకి జారి కోంబ్ చెంపని కొడుతుంది.

టోని బయటి వైపుకి, అంటే చంక వైపుకి కొద్దిగా తిప్పితే చాలామంది అమ్మాయిలకి ఒక్కసారిగా సుఖంగా ఉంటుంది. తిరిగే బట్ ప్లేట్ ఉంటే తేలిక. లేకపోతే ప్యాడ్‌ని కాస్త వాలుగా బిగించమని చెప్పొచ్చు.

8. కోంబ్ ఎత్తు: కన్ను ఎక్కడుంటే గుండు అక్కడికి

షాట్‌గన్‌కి వెనక సైట్ ఉండదు, కన్నే వెనక సైట్. కోంబ్ ఎత్తితే గుండ్లు పైకి, దించితే కిందికి.

అద్దంలో తన కుడి కంటినే చూస్తూ మౌంట్ చేయమనండి. కనుపాప రిబ్ మధ్యలో, రిబ్‌కి కాస్త పైన కనిపించాలి. సగం కన్ను రిబ్ వెనక దాగితే కోంబ్ తక్కువ. రిబ్ మొత్తం రోడ్డులా పరుచుకుని కనిపిస్తే ఎక్కువ.

చూసే ముందు చెంపని మామూలు బలంతోనే ఆనించమని చెప్పండి. కొందరు పిల్లలు పరీక్ష అనగానే టెన్షన్‌తో చెంపని గట్టిగా అదిమేస్తారు, అయిదో రౌండ్‌కి ఆ అదుము ఉండదు.

తక్కువైతే కోంబ్ మీద అట్టముక్కలు పెట్టి ఇన్సులేషన్ టేపుతో చుట్టండి. ఒక్కో పొర వేసి చూడండి, మందం రాసుకోండి. పైన నున్నగా ఉండాలి, టేపు అంచు చెంపకి గీసుకోకూడదు.

మెడ పొడుగ్గా ఉన్న సన్నటి మనుషులకి చెంప దగ్గర ఎత్తు కావాలి, భుజం దగ్గర బట్ కిందికి ఉండాలి. మాంటే కార్లో అనే మెట్టు ఉన్న స్టాక్ వీళ్ల కోసమే. ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా గన్‌లు చేసే సైరెన్ లాంటి బ్రాండ్లు ఈ ఆకారమే ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఎదిగే పిల్లలైతే స్క్రూలతో పైకీ కిందికీ జరిగే కోంబ్ పెట్టించండి. ఖర్చవుతుంది, కానీ ఏడాదికోసారి స్టాక్ మార్చడం కంటే నయం.

9. కాస్ట్

ముఖం సన్నగా ఉంటే కాస్ట్ తక్కువ చాలు, చెంపలు నిండుగా ఉంటే ఎక్కువ కావాలి. అద్దంలో కన్ను రిబ్‌కి ఎడమగా కనిపిస్తోందో కుడిగానో చూసి నిర్ణయించండి. చాలా సెమీ ఆటోమేటిక్ గన్‌లతో స్టాక్ మొదట్లో వేసే షిమ్‌లు (సన్నటి పలకలు) పెట్టెలోనే వస్తాయి, డ్రాప్, కాస్ట్ రెండూ వాటితో మారతాయి. ఓవర్-అండర్ కర్రని వేడి నూనెతో వంచడం నిపుణుడి పని, ఇంట్లో ప్రయత్నించొద్దు.

10. పేపర్ మీద రుజువు చూసుకోండి

అద్దం చెప్పింది నిజమో కాదో 16 గజాల (దాదాపు 14.6 మీటర్లు) దూరంలో పెద్ద కాగితం మీద తెలుస్తుంది. మధ్యలో చిన్న గుర్తు పెట్టండి. కళ్లకి, చెవులకి రక్షణ తప్పనిసరి. ఇనుప ప్లేట్ వాడితే స్టీల్ గుండ్లు కాల్చకండి, ఎగిరి వెనక్కి వస్తాయి.

గురి చూసి మెల్లగా కాల్చడం కాదు. గుర్తు మీద చూపు ఉంచి, మౌంట్ చేసిన వెంటనే కాల్చాలి. బీడ్ చూస్తూ సర్దుకుంటే షూటర్ తెలియకుండానే స్టాక్ తప్పుని దిద్దేస్తాడు. నాలుగైదు తూటాలు కాల్చి, గుంపు మధ్య ఎక్కడుందో చూడండి, ఒక్కదాన్ని నమ్మకండి.

లెక్క ఇది: ఈ దూరంలో ఒక అంగుళం తప్పుకి కోంబ్ దగ్గర 1/16 అంగుళం (సుమారు 1.6 మి.మీ.) మార్పు. నాలుగు అంగుళాలు కిందికి పడుతుంటే కోంబ్ 6 మి.మీ. పైన ఎత్తాలి. పక్కకి పోయినా ఇదే లెక్క, అప్పుడు మార్చేది కాస్ట్.

స్కీట్‌కి గుంపు గుర్తుకి పైనా కిందా సగం సగం పడితే బాగుంటుంది. ట్రాప్‌లో పళ్లెం పైకి లేస్తూ ఉంటుంది కాబట్టి గుంపు కొంత ఎత్తుగా పడేలా చాలామంది పెట్టుకుంటారు.

ఈ టేపు, అట్ట, వాషర్లతోనే కొన్ని వారాలు ఆడనివ్వండి. చూడ్డానికి బాగోదు, పక్కవాళ్లు నవ్వుతారు, ఫరవాలేదు.

11. ఇప్పుడు రంపం

ఎక్కువమంది తప్పేది ఈ లెక్కలోనే. కొత్త ప్యాడ్ మందం మర్చిపోతారు.

ఉదాహరణకి, ఇప్పుడున్న పొడవు 365 మి.మీ., దానిలో పాత ప్యాడ్ 15. అంటే కర్ర 350. మీకు కావాల్సింది 340. కొత్త మెత్తటి ప్యాడ్ 22. కర్ర 318 ఉండాలి, కాబట్టి కోయాల్సింది 32 మి.మీ. "365 నుంచి 340కి, 25 చాలు" అని చెప్పి పంపితే గన్ 7 మి.మీ. పొడవుగా తిరిగొస్తుంది.

గన్‌స్మిత్‌కి రాసిచ్చే చీటీలో ఉండాల్సినవి:

- కర్ర మాత్రమే ఎంత ఉండాలి, ప్యాడ్‌తో కలిపి ఎంత
- హీల్, మధ్య, టో మూడు పొడవులూ
- వాషర్లతో తేలిన పిచ్ (గోడ కొలత)
- టో ఎటు ఎంత తిరగాలి
- కోంబ్ ఎత్తు, టేపు పొరల మందంతో సహా
- కోసిన ముక్క తిరిగి ఇవ్వమని

మొదటిసారి 5 మి.మీ. ఎక్కువే ఉంచమనండి. మరో విషయం, కొన్ని సెమీ ఆటోమేటిక్ గన్‌లలో స్ప్రింగ్ గొట్టం స్టాక్ లోపలే ఉంటుంది, అవి ఒక హద్దు దాటి పొట్టి కావు. వాటికి తయారీదారు అమ్మే యూత్ స్టాక్ ఉందేమో ముందు చూడండి.

కోసిన ముక్క పారేయకండి. పిల్ల ఎదిగినప్పుడు దానితోనే స్పేసర్ చేయించొచ్చు, కర్ర రంగు కూడా కలుస్తుంది.

12. బరువు, తూకం

వెనక కర్ర తగ్గితే గన్ ముందుకి వాలుతుంది. హింజ్ పిన్ (గన్ మడిచి తెరిచే కీలు) దగ్గర వేలి మీద నిలబెట్టి చూడండి. ముందుకి బాగా పడిపోతుంటే స్టాక్ బోల్ట్ రంధ్రంలో కొద్ది బరువు కలపొచ్చు.

"చిన్న మనిషికి తేలిక గన్" అన్న మాట సగమే నిజం. అదే తూటాకి తేలిక గన్ ఎక్కువ తన్నుతుంది. చేతికి బరువు, భుజానికి తన్ను, ఈ రెండింటి మధ్య చూసుకోవాలి. ఐఎస్ఎస్ఎఫ్ పోటీల్లో ఎలాగూ తూటాలోని గుండ్ల బరువుకి 24 గ్రాములే పరిమితి. సాధనలో అంతకు మించిన బరువు తూటాలు చిన్న పిల్లలకి ఇవ్వడంలో అర్థం లేదు.

13. తర్వాత వచ్చే ఇబ్బందులు, మందులు

- చెంప ఎముక కింద నొప్పి: కోంబ్ ఎక్కువ, లేదా పిచ్ మరీ ఎక్కువై బట్ పైకి జారుతోంది.
- భుజం బయట, చేతి మీద మచ్చ: పొడవు ఎక్కువ, లేదా టో గుచ్చుకుంటోందని జరుపుతున్నారు.
- మొదటి తూటా బాగా పడి రెండోది ఎటో పోతోంది: బట్ జారుతోంది. పిచ్, ప్యాడ్ ఉపరితలం చూడండి.
- ప్యాడ్ మౌంట్‌లో పట్టేస్తోంది: హీల్ అంచు గుండ్రంగా నున్నగా చేయించండి.
- అద్దంలో బాగుంది, పేపర్ మీద తేడా: అద్దం ముందు తల వేరేలా పెడుతున్నారు. పేపర్ మాటే నమ్మండి.

14. మళ్లీ ఎప్పుడు కొలవాలి

ఎదిగే వయసులో మూడు నాలుగు నెలలకోసారి. బట్టల మందం మారిన ప్రతిసారీ కూడా. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు రేంజ్‌లో పల్చటి టీషర్ట్ మీద ఏడాదంతా సాధన చేసిన పిల్లలు చలికాలంలో ఢిల్లీలో తుగ్లకాబాద్ కర్ణీ సింగ్ రేంజ్‌కి వెళితే, స్వెటర్, జాకెట్, వాటిపైన వెస్ట్. స్టాక్ ఆ మేరకు పొడవైనట్టే. అందుకే ప్యాడ్ వెనక ఒక సన్నటి స్పేసర్ ముందే వేయించి ఉంచండి. చలికి వెళ్లేటప్పుడు దాన్ని తీసేయాలి, ఇంటికొచ్చాక వేయాలి. అమెరికాలో హైస్కూల్ క్లే టార్గెట్ లీగ్‌లలో ఆడే మనవాళ్ల పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ చలి కోటు ఇంకా మందం.

స్పేసర్ తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పాటు పొట్టి స్క్రూలు కూడా సంచిలో ఉండాలి. స్పేసర్ తీశాక పాత పొడవాటి స్క్రూలు లోపల రంధ్రం అడుగుకి తగిలి ప్యాడ్ బిగుసుకోదు, మ్యాచ్ ఉదయం అది తెలిస్తే చేయడానికేమీ ఉండదు.